గేటు వేసినవాడికి తెలుసా

ఆరోగ్యస్వామి దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. కూతురు షర్మిల ఎనిమిదో తరగతిలో సగం వాడి వదిలేసిన సైన్సు నోట్‌బుక్. ముందు సగంలో ఆకుల బొమ్మలు, కప్ప బొమ్మలు. వెనక సగంలో ఒక టీవీ సీరియల్‌లోని చచ్చినవాళ్ల గురించి ప్రశ్నలు, మొత్తం నలభై ఒకటి. శవాలు వంతెన ఎందుకు దాటవు? చర్చి గంట ఎవరు కొడుతున్నారు? డాక్టరమ్మ ఎడమ చేతికి గ్లవుజు ఎందుకు తీయదు? ఒక్కో ప్రశ్న కింద జవాబు కోసం నాలుగు గీతలు ఖాళీగా వదిలాడు. మూడు సీజన్లు నడిచాక ఆ సీరియల్‌ను ఆపేశారు. ఎందుకు ఆపారో చెప్పలేదు, ఒక్క ప్రశ్నకూ జవాబు ఇవ్వలేదు. గీతలన్నీ ఖాళీగానే ఉండిపోయాయి, ఒక్క పదిహేడో ప్రశ్న కింద తప్ప. అక్కడ మాత్రం ఆరోగ్యస్వామే సొంతంగా తీర్పు రాసి, అడుగున రెండు అడ్డగీతలు కొట్టాడు.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ గురించి రాయడానికి వచ్చేవాళ్లకు, మూతపడ్డ గనిలో పనిచేసిన ముసలాయన బంగారం తీసి పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల వైపు చూసి నిట్టూరిస్తే బాగుంటుంది. ఆరోగ్యస్వామి దిబ్బల వైపు చూసేవాడు కాదు. టీవీ చూసేవాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి. ఇరవై నాలుగేళ్లు భూమి లోపల, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడు. గని మూశాక పద్దెనిమిదేళ్లు పొద్దున రైలెక్కి బెంగళూరుకు పోయి ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చున్నాడు. మోకాలు పోయాక మారికుప్పంలో గని కూలీల లైన్లలోని రెండు గదుల ఇంటికి చేరాడు. షర్మిల పెద్ద టీవీ కొనిచ్చింది. మొదటివారం క్రికెట్టు చూశాడు. రెండో వారం పొరపాటున ఏదో నొక్కితే ఆ సీరియల్ వచ్చింది. చచ్చినవాళ్లు లేచి తిరుగుతుంటారు, చుట్టూ గోడ కట్టుకుని ఒక ఊరు బతుకుతుంటుంది. తెలుగులో మాటలు పెట్టారు. ఇంక ఆ మనిషి లేవలేదు.

భార్య జెసింతాకి ఆ కథంటే ఒళ్లు మంట.

"మన చచ్చినోళ్లు కడపటి దినాన ఒక్కసారి లేస్తారు. వీళ్లేమో దినామూ లేస్తా ఉండారు. వీళ్లకి వేరే పనే లేదా?"

"ఫాదర్ని అడిగి చెప్తా, నువ్వు టీ పెట్టు" అనేవాడు.

ఈ పిచ్చిలో అతనికి తోడు దొరికినవాడు దొడ్డమునియప్ప. ఇద్దరూ గనిలో ఒకే జట్టు. గని మూశాక దొడ్డమునియప్ప బేతమంగళ పక్కన తన ఊరికి పోయి రెండెకరాల రాగి చేను, మూడు ఆవులు చూసుకుంటున్నాడు. ప్రతి గురువారం బస్సులో వచ్చి బీపీ మాత్రలు, ఆవులకు బూసా మూట కొనుక్కుని, పదకొండుకు స్నేహితుడి ఇంటికి చేరేవాడు. మధ్యాహ్నం బస్సు దాకా ఇద్దరూ టీవీ ముందు.

"ఇదేందప్పా, పీనుగులు ఇంత జోరుగా పరిగెత్తేది? మన కాళ్లకి రాదే ఆ జోరు" అన్నాడు మొదటిరోజు.

"నోరు మూసుకుని చూడప్పా."

నెల తిరిగేసరికి బుధవారాలు ఫోన్లు మొదలయ్యాయి. "సామీ, ఆ గ్లవుజు డాక్టరమ్మ బతికుండాదా?" "రేపొచ్చి చూసుకో, నేను చెప్పను" అని ఇతను పెట్టేసేవాడు. నియమం ఒకటే: సీరియల్ నడుస్తుండగా మాట్లాడకూడదు.

పదిహేడో ప్రశ్న రెండో సీజన్ చివర పుట్టింది. పొద్దు గుంకే వేళ కాపలావాడు ఊరి గేటు మూసి గడియ వేస్తాడు. అతని స్నేహితుడు ఇంకా బయటే ఉన్నాడు. తెల్లారేసరికి ఆ స్నేహితుడు శవాలతో కలిసి తిరుగుతుంటాడు. గేటు వేసేటప్పుడు కాపలావాడికి ఆ సంగతి తెలుసా, తెలియదా? సీరియల్ చెప్పలేదు. గడియ మీద చేతిని మాత్రం చాలాసేపు చూపించింది.

"ఇది మన మారప్ప కేసు మాదిరే ఉండాదప్పా" అన్నాడు ఆరోగ్యస్వామి, తొడ చరుచుకుని.

మారప్ప కేసు లైన్లలో అందరికీ తెలిసిన చిక్కుముడి. గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఇచ్చేవాళ్లు. పైకి వచ్చాక గుమాస్తా కిటికీలో తిరిగి ఇచ్చేయాలి. బిళ్ల బోర్డు మీదకి చేరితే మనిషి పైకొచ్చినట్టు, చేరకపోతే లోపలే ఉన్నట్టు. రూలు అది. వాడుక వేరే. కిటికీ దగ్గర పెద్ద క్యూ ఉండేది, కాబట్టి లోపల ఇంకాస్త పనున్నవాడు ముందుగా పోయేవాడి చేతిలో తన బిళ్ల పెట్టి, "నాది కూడా వేసేయ్, వెనకాలే వస్తా" అనేవాడు. అందరూ చేసేవాళ్లు. ముప్ఫై అయిదేళ్ల కిందట ఒక సాయంత్రం మారప్ప బిళ్ల బోర్డు మీదకి వచ్చింది. మారప్ప రాలేదు. చీకటి పడ్డాక భార్య రత్న వచ్చి అడిగితే, గుమాస్తా బోర్డు చూసి, "పైకొచ్చేసినాడమ్మా, యాడో తాగి పడుంటాడు పో" అన్నాడు. జనం తెల్లారిందాకా సారాయి అంగళ్లు వెతికారు. పొద్దున షిఫ్టువాళ్లకు రాళ్ల కింద దొరికాడు. చాలాసేపు ప్రాణంతో ఉన్నాడని డాక్టరు చెప్పాడు. ఆ బిళ్ల వేసింది ఎవరన్నది తేలలేదు. ఎవరూ ఒప్పుకోలేదు.

ఆరోగ్యస్వామికి ఆ వారం మాత్రం జట్టుతో కాక వేరే షిఫ్టు పడింది. అందుకే అతనికి ఊహలు ఎక్కువ. గుమాస్తా పొరపాటన్నాడు, మారప్ప మీద పగపట్టినవాడి పనన్నాడు, ఒక ఏడాది దయ్యం అని కూడా అన్నాడు. విన్నప్పుడల్లా దొడ్డమునియప్ప "ఏమో అప్పా" అనేవాడు. ఒక్కసారి మాత్రం వేరేగా మొదలుపెట్టాడు. మూడో సీజన్ నడుస్తోంది.

"సామీ, ఆ మారప్ప బిళ్ల ఇసయం..."

"ఇప్పుడు కాదప్పా! గంట కొడతా ఉండారు చూడు, ఎవరో కనిపిస్తారిప్పుడు!"

ఎవరూ కనిపించలేదు. సీరియల్ అయ్యాక ఏదో చెప్పబోయావే అని అడగాలని అతనికి తోచలేదు. గంట గురించి రాసుకుంటున్నాడు.

చివరి భాగం ఒక వేసవి గురువారం చూశారు. ఏదీ తేలలేదు. ఆరోగ్యస్వామికి మండిపోయింది. నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, వాళ్లు చెప్పకపోతే నేనే చెప్తానని పదిహేడో పేజీ తీశాడు.

"కాపలావానికి తెలుసు. తెలిసే వేసినాడు."

"తెలీదప్పా" అన్నాడు దొడ్డమునియప్ప. "అందరూ వచ్చేసినారనుకున్నాడు."

"ఎట్లా అనుకుంటాడు? చూసుకోవల్ల గదా?"

"దినామూ అట్లే వేస్తా ఉండినాడు గదా. దినామూ ఏమీ కాలేదు."

"సరే, తెలీకనే వేసినాడు అనుకో. తెల్లారినాక చెప్పల్ల గదా, నేనే వేసినానని? నోరెత్తినాడా?"

"భయముంటాదప్పా."

"మూడు సీజన్లా భయం?" అని ఆరోగ్యస్వామి పకపకా నవ్వాడు. "తెలిసీ చెప్పనోడు దొంగ నా కొడుకు. అట్లాటోణ్ని ఆ పీనుగుల మధ్యలో పడేయల్ల." అంటూనే రాశాడు, గీతలు కొట్టాడు.

జెసింతా టీ తెచ్చేసరికి దొడ్డమునియప్ప బూసా మూట భుజానికెత్తుకుంటున్నాడు. బస్సుకు ఇంకా గంట టైముంది.

"టీ తాగి పో అన్నా."

"వద్దమ్మా, కడుపులో బాలేదు."

తరవాతి గురువారం రాలేదు. ఆ తరవాతా రాలేదు. ఆరోగ్యస్వామి మూడుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. నాలుగోసారి చేయలేదు.

"పోయి చూసి రారాదా?" అంది జెసింతా.

"టీవీ మాటకి అలిగినోణ్ని పోయి బతిమాలల్లనా? నా మోకాలికి బస్సు పడదు."

ఆ మోకాలితోనే రాబర్ట్‌సన్‌పేట మార్కెట్‌కి వారానికి రెండుసార్లు పోయేవాడు. బేతమంగళకు బస్సు అరగంట. ఈ లెక్క జెసింతా చెప్పకపోయినా అతనికి తెలుసు. గర్వం అని పెద్ద పేరు పెట్టనక్కర్లేదు. బద్ధకం, కాస్త ఉక్రోషం. ఏడు నెలలు గడిచాయి.

డిసెంబరులో దొడ్డమునియప్ప భార్య సొన్నమ్మ ఫోన్ చేసింది. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చిందట. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. "నీకూ ఆయనకూ ఏమో అయిందని చెప్పలేదన్నా. ఇంగ మనసొప్పక చేస్తా ఉండాను."

ఆరోగ్యస్వామి మొదటి బస్సుకే పోయాడు. వసారాలో నులక మంచం మీద దొడ్డమునియప్ప పడుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు పైకప్పు మీద.

"ఏమప్పా, నేను వచ్చినా, సామిని" అన్నాడు. చూపు కదల్లేదు.

సొన్నమ్మ కాఫీ ఇచ్చి, మూలనున్న గోనెమూట చూపించింది.

"అన్నా, పోతా ఇది రత్నమ్మకి ఇచ్చేస్తావా? ఏటా రాగులు నూర్చినాక ఈయనే తీసుకపోతాడు. ఆండర్సన్‌పేటలో ఉండాది."

"ఏ రత్నమ్మ?"

"మారప్ప పెండ్లాం. గనిలో పోలేదా, ఆ మారప్ప."

ఆరోగ్యస్వామి గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పట్నుంచి ఇస్తా ఉండాడు?"

"మా మునిశంకర్ పుట్టిన ఏడు నుంచి. వానికిప్పుడు ముప్ఫై అయిదు. ఎందుకప్పా, మనకే చాలదే అంటే కసురుకుంటాడు. వానలు లేని ఏడు కొని ఇచ్చినాడు. నీకేమన్నా చెప్పినాడా అన్నా?"

నలభై ఒక్క ప్రశ్నలు రాసినవాడికి ఇది అర్థం కావడానికి ఒక్క గుక్క సేపు కూడా పట్టలేదు. రెండు బిళ్లలు కిటికీలో పెట్టిన చెయ్యి ఎవరిదో తెలిసింది. ఆ చెయ్యి మూడేళ్లు గురువారం గురువారం తన పక్కనే టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఒకసారి చెప్పబోయింది కూడా.

సొన్నమ్మ ఆవుల దగ్గరికి పోయాక మంచం పక్కన వంగాడు.

"అప్పా, గేటు వేసినోనికి తెలీదు. నువ్వు చెప్పిందే నిజం. నేనే తప్పు రాసినాను."

దొడ్డమునియప్ప పెదవులు కదిలాయి. మాట రాలేదు, చొంగ కారింది. సొన్నమ్మ వచ్చి కొంగుతో తుడిచింది. అతను విన్నాడనీ, కంటి కొసన నీరు తిరిగిందనీ చెప్పుకుంటే మనకు బాగుంటుంది. కంట్లో ఏమీ తిరగలేదు. విన్నాడో లేదో ఆరోగ్యస్వామికి ఇప్పటికీ తెలియదు.

మూట పట్టుకుని ఆండర్సన్‌పేటలో దిగాడు. రత్న వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మూటను చూడగానే గుర్తుపట్టింది.

"దొడ్డమునెప్పన్న రాలేదా?"

"ఒంట్లో బాలేదమ్మా. పడుకునుండాడు."

"అయ్యో." చేతులు కొంగుకు తుడుచుకుంది. "ముప్ఫై అయిదేండ్లుగా ఇస్తా ఉండాడు. కన్నబిడ్డ మరిచిపోతాడు, ఆయన మరవడు. ఎందుకన్నా అంటే ఒక్క తూరీ చెప్పడు, తల వంచుకుని పోతాడు. నీకు తెలుసా? టీవీ చూసి మర్మాలన్నీ పుస్తకంలో రాసి పెట్టుకుంటావంట గదా. జెసింతక్క చర్చి కాడ చెప్పి నవ్వింది."

మొగుడు ఊపిరితో ఉన్న రాత్రంతా సారాయి అంగళ్ల ముందు తిరిగిన మనిషి ఈమె. ఈ జవాబు ఎవరికన్నా చెందుతుందంటే ఈమెకే చెందుతుంది. చెప్పాలనే నోరు తెరిచాడు. మంచం మీద నోరులేక పడివున్నవాడు గుర్తొచ్చాడు. ఆమె చేతి కిందున్న మూట కనబడింది.

"తెలీదమ్మా" అన్నాడు.

స్నేహితుడి మీద దయతో అన్నాడో, రత్న ముఖం చూడలేక అన్నాడో అతనే చెప్పలేడు. తెలిసీ చెప్పనివాడికి ఏ శిక్ష వేయాలో మాత్రం అతని ఇంట్లో, అతని దస్తూరీతోనే రాసి ఉంది.

"పోనీలే" అంది రత్న. రాగులు డబ్బాలో పోసుకుంటూ గుప్పెడు తీసి చూసింది. "ఈ తూరి రాళ్లు లేవు. మంచి రాగులు." గోనె దులిపి, నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చింది. "ఇది సొన్నమ్మకి ఇచ్చేయన్నా. వచ్చే ఏటికి కావల్ల గదా."

ఆరోగ్యస్వామి గోనె చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. ఆ రోజు గురువారం.