శకుంతలగారు తీసేసిన కుర్చీ

ముమ్మిడివరం దాటాక రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే చక్రాల చప్పుడు బస్సు కిటికీలోంచి వినిపిస్తే చాలు, నాకు శకుంతలగారే గుర్తొస్తారు. అమలాపురంలో ఆవిడ కౌన్సెలింగ్ గదిలో సహాయకురాలిగా చేరిన కొత్తలో, చదువు పూర్తిచేసిన ఉత్సాహం కొద్దీ వచ్చిన ప్రతి మనిషికీ ఒక జబ్బు పేరు తగిలించేదాన్ని. ఆవిడ నవ్వేవారు. "పేరుకి తొందరేముందండీ? ముందు ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూద్దాం" అనేవారు. నాకంటే ఎంతో పెద్దావిడ, అయినా నన్ను 'అండీ' అనే పిలిచేవారు. ఆ మర్యాదకి ఎదురు చెప్పలేక నేను లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

ఆ చెరువుల పక్క ఊరి నుంచే ఒకరోజు పావని అనే అమ్మాయిని తల్లీతండ్రీ తీసుకొచ్చారు. ఇంటర్ రెండో ఏడు. పొద్దున లేస్తే కడుపునొప్పి, కాలేజీకి వెళ్లదు. స్కానింగుల్లో ఏమీ కనిపించలేదు. ఇలాగే మానేస్తే పరీక్ష రాయనివ్వబోమని కాలేజీవాళ్లు చెప్పేశారు. గదిలో వరసగా మూడు కుర్చీలుంటే, పావని అలవాటుగా మధ్య కుర్చీలో కూర్చుంది.

"అమ్మాయికి నొప్పొస్తే ఇంట్లో ఎవరేం చేస్తారండీ?" అని అడిగారు శకుంతలగారు.

"నేను వాము నీళ్లు కాస్తానండి. ఆయన చెరువు దగ్గర్నుంచి పరిగెత్తుకొస్తారు. ఇద్దరం దాని పక్కనే కూర్చుంటావండి" అంది తల్లి.

"మరి నొప్పి లేని రోజున?"

ఈసారి పావనే చెప్పింది. "మీ నాన్నగారిని అన్నానికి రమ్మను అంటుందండి అమ్మ. ఆకల్లేదని మీ అమ్మకి చెప్పు అంటారు నాన్నగారు. ఇద్దరికీ మధ్య నేనేనండి."

సంగతేమిటంటే, ఆయన భార్యతో ఒక్క మాట అనకుండా ఇంటి వెనక చేను తవ్వించి రొయ్యల చెరువు వేశారు. ఆ చెరువులో పెట్టే ఉప్పునీటికి ఆవిడ పెంచుకున్న కొబ్బరిచెట్లు వాడిపోయాయి. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"కొబ్బరాకు పసుపెక్కితే ఆకుకి మందు రాస్తారా అండీ?" అని శకుంతలగారు ఆయన్ని అడిగారు.

"ఆకుకెందుకండీ, వేరుకి ఉప్పు తగిలితేనూ..." అంటూనే ఆయన తల దించుకున్నారు.

శకుంతలగారు పావనిని కిటికీ దగ్గరికి పంపి, ఆ మధ్య కుర్చీ తానే ఎత్తి గోడవార పెట్టేశారు. "ఇప్పుడు చెప్పుకోండి" అన్నారు. నేనేదో అనబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"నన్నొక్క మాట అడగలేదేంటండీ?" అంది చివరికి తల్లి.

"అడిగితే వద్దంటావని భయమేసిందే" అన్నారాయన.

కిటికీ దగ్గర పావని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. కడుపునొప్పి ఆ రోజుతో పోలేదు, ఆ ముగ్గురూ చాలాసార్లు రావలసి వచ్చింది. పావని పరీక్ష మాత్రం రాసింది. "ఇల్లంతా ఒక్కటేనండీ. ఒకరి బాధ ఇంకొకరి ఒంట్లో బయటపడుతుంది" అన్నారు శకుంతలగారు, తర్వాతెప్పుడో టీ తాగుతూ.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ గదిలోనే నేను పనిచేస్తున్నాను. మొన్న మావారికీ నాకూ ఏదో మాట పట్టింపు వచ్చింది. అన్నం వడ్డించి, "ఒరేయ్, మీ నాన్నగారిని..." అని మా అబ్బాయిని పిలిచాను. వాడు లేవబోయాడు.

"నువ్వు కూర్చుని తిను నాన్నా" అని, నేనే లేచి వెళ్లాను.