బావ చూసిన కొంగ

మా బావ ఫోన్ చేసి నా ఆరోగ్యం అడిగాడు. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

ఈయన నా భార్యకు అన్న. అనకాపల్లి నుంచి అచ్యుతాపురం కంపెనీకి పనివాళ్ళను తీసుకెళ్ళే బస్సు నడుపుతాడు. మా పెద్దమ్మాయి కూడా ఆ కంపెనీలోనే ప్యాకింగ్ పని చేస్తుంది. తెల్లారకముందే మేనమామ బస్సెక్కి, డ్రైవరు వెనక మొదటి సీటు తన సొంత ఆస్తి అన్నట్టు కూర్చుంటుంది. బావ పెళ్లికో చావుకో తప్ప ఫోన్ చెయ్యడు. చేసినా "వత్తన్నారా, నేదా?" అని అడిగి పెట్టేస్తాడు. అలాంటి మనిషి ఓ శనివారం, నేను కొట్లో బెల్లం దిమ్మలు సర్దుకుంటుంటే ఫోన్ చేశాడు.

"బావా, మోకాలు ఎలగుంది? బీపీ గోళీలు ఏసుకుంటన్నావా? కళ్ళవీ బాగానే కనబడతన్నాయా?"

నా మోకాలి గురించి అప్పటిదాకా నా మోకాలే పట్టించుకోలేదు.

"అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఏటి సంగతి?"

"ఏటీ నేదు. రేపు ఆదివారం కదా, బొజ్జన్నకొండ ఎక్కుదామేటి? పచ్చగుంటాది. కంటికి బాగుంటాది."

చెరకు తోటలో పుట్టి, చెరకు తోటలో పెరిగి, చెరకు తోటల మధ్య రోడ్డు మీద రోజూ బస్సు తోలేవాడికి పచ్చదనం కావలసి వచ్చిందట! సరే అన్నాను. అని ఫోన్ పెట్టాక దాన్ని కాసేపు అనుమానంగా చూశాను, ఫోన్‌దే తప్పు అయినట్టు.

అనుమానించడం నా స్వభావం కాదు, నా ఉద్యోగం. బడి మధ్యలో మానేసి ఈ కొట్టుకొచ్చినప్పటి నుంచి నేర్చుకున్నది ఒక్కటే. దిమ్మ పైకి బంగారంలా మెరుస్తుంది. పగలగొట్టి చూస్తే లోపల తడి ఉంటుంది. పగలగొట్టకుండా దేన్నీ నమ్మకూడదు.

తుమ్మపాల దగ్గర మా మావగారి చెరకు మడి ఒకటి అన్నాచెల్లెళ్ళిద్దరి పేరునా ఉంది. దాని మీదే బావ కన్ను పడిందనీ, కొండ మీద గాలి పీల్పించి నా చేత మా ఆవిడను ఒప్పించి సంతకం పెట్టిస్తాడనీ లెక్క కట్టాను. ఆవిడతో అంటే మండిపడింది.

"మా అన్నని అనుమానిత్తావేటి? బెల్లం కొనుక్కోడానికొచ్చినోడిని కూడా దొంగతనానికొచ్చినట్టు సూత్తావు నువ్వు."

"ఇద్దరూ మొదట దిమ్మ ఎక్కడుందనే అడుగుతారే," అన్నాను.

ఆదివారం పొద్దున్న బావ మా ఇంటికి నడిచొచ్చాడు. బండి తేలేదు. పైగా "నీ బండి తియ్యి, నువ్వే తోలు," అని నా వెనక ఎక్కి కూర్చున్నాడు. బతుకులో ఎవరి వెనకా కూర్చోని మనిషి! తన పెళ్లి కారు కూడా తనే తోలుకుంటానని పేచీ పెట్టిన మనిషి! పైగా చొక్కా జేబు ఉబ్బి ఉంది. మడతపెట్టిన కాగితాలే అనుకున్నాను.

కొండ మెట్లెక్కుతున్నప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఒక్కో మెట్టునీ కాలితో తడిమి మరీ ఎక్కుతున్నాడు. భుజం మీద ప్రేమగా చెయ్యేసి, ఆ తర్వాత ఏదో ఒకటి అడగని మనిషిని నేనింతవరకూ చూడలేదు. పైకెళ్ళాక పొలాలవైపు చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు.

"బావా, ఆ పొగ పరవాడ వైపుదే కదేటి?"

"పొగేటి? అది మబ్బు."

"అదే, మబ్బే. నువ్వు సూత్తన్నావో నేదో అని అడిగేను."

సంతకం మాట ఎత్తలేదు. జేబులోంచి ఏదీ తీయలేదు. దిగేటప్పుడు మాత్రం "వచ్చే ఆదివారం కొండకర్ల ఆవకి ఎల్దాం. పిట్టలొచ్చేయంట," అన్నాడు. ఎర వేసి వెంటనే లాగకుండా ఆగేవాడే అసలు వేటగాడు కదా అని, ఆ వారమంతా నా అనుమానానికి నేనే నీళ్ళు పోసి పెంచుకున్నాను.

ఆవ అంటే మా వైపు పెద్ద మంచినీటి చెరువు. అందులో తిరగడానికి తాటి మొద్దులు రెండు తొలిచి, జోడించి కట్టిన దోనెలు ఉంటాయి. ఓ ముసలాయన దోనెలో మమ్మల్ని ఎక్కించుకుని కర్రతో నెట్టాడు. తామరాకుల మధ్య నుంచి మెల్లగా పోతున్నాం. నీళ్ళు కదిలినప్పుడల్లా బావ రెండు చేతులతో దోనె అంచు పట్టుకుంటున్నాడు.

అప్పుడు ఒక ఆట మొదలుపెట్టాడు. "ఎవులు ముందు పిట్టను సూత్తారో సూద్దాం. ముందు నువ్వు సెప్పు బావా."

నేను చెప్పాను. నీలంగా, ఎర్రముక్కుతో కోడంత పిట్ట ఒకటి తామరాకుల మీద నడుస్తోంది.

"అవునవును, ఎర్రముక్కు," అన్నాడు.

"ఇప్పుడు నువ్వు సెప్పు."

"నువ్వే సెప్పు. నీ కన్ను మంచిది."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అవునన్నాడు. నేనేది చెబితే దానికి అవును. మా బావ పుట్టాక నా మాటకి వరసగా ఇన్నిసార్లు అవునన్నది లేదు. ఇదంతా నన్ను మెత్తబరచడానికే అనిపించింది. సరే, ఈ దిమ్మను ఇక పగలగొట్టి చూద్దామనుకున్నాను. దూరంగా వల కట్టిన కర్రకి తెల్లటి పాలిథిన్ కవరు ఒకటి చిక్కుకుని ఉంది.

"అబ్బ! ఆ కొంగని సూడు బావా, ఎంత తెల్లగుందో!"

"అవును బావా," అన్నాడు, మెడ ముందుకు చాచి. "మెడ సూడు, ఎంత పొడుగో. సేపకోసం సూత్తంది."

దోనె నెట్టే ముసలాయన కర్ర ఆపి ఒకసారి కవరు వైపు, ఒకసారి నావైపు చూశాడు. నాకు నవ్వు పొంగుకొచ్చింది, సగంలోనే ఆగిపోయింది. బావ ఇంకా ఆ కొంగనే చూస్తున్నాడు. కళ్ళు చికిలించి, ముఖమంతా ముడతలు పెట్టి, ఎంత కష్టపడుతున్నాడో. సంతకం కావలసినవాడు పడే కష్టం కాదది.

నాకు మా అమ్మాయి కూర్చునే మొదటి సీటు గుర్తొచ్చింది.

దోనె ఒడ్డుకి తిప్పమన్నాను. ఒడ్డున టీ బడ్డీ ఉంది. బావ "నాకు పంచదార ఎయ్యకు" అని చెప్పి, ఉబ్బిన జేబులోంచి పొట్లం తీశాడు. కాగితాలు కాదు, నల్లబెల్లం ముక్క. మా కొట్లోదే. దాన్ని గాజుగ్లాసులో వేసి వేలితో కలుపుతున్నాడు.

"అది కొంగ కాదు బావా," అన్నాను. "కవరు."

కలుపుతున్న వేలు ఆగింది.

"ఎప్పటి నుంచి కనబడట్లేదు?"

"ఎవులన్నారు కనబడట్లేదని? కాస్త మసకేత్తంది, అంతే." వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు. "షుగరొచ్చింది బావా. ఇంట్లో పంచదార డబ్బా కడిగి బోర్లించేసేను. బెల్లం తప్ప ఏటీ ముట్టుకోటం నేదు. అయినా కళ్ళు ఇలగే అవుతున్నాయి. పచ్చదనం సూత్తే కళ్ళు బాగవుతాయంటే నిన్ను పిలిసేను. ఒక్కడినే బండి మీద రానేనుగా."

"బస్సు మాత్రం తోలగలవేటి?"

"ఆ రోడ్డు నాకు కళ్ళు మూసుకున్నా తెలుత్తాది."

"అంటే మూసుకునే తోలుతున్నావన్నమాట."

అతను నవ్వలేదు. వచ్చే వారం కంపెనీలో డ్రైవర్లకి కళ్ళ పరీక్ష ఉందని చెప్పాడు. దాని ముందు లీవ్ పెడితే అనుమానిస్తారట. పరీక్షలో దొరికితే స్టీరింగ్ పోతుంది. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? పరీక్ష బోర్డు మీద పైవరస అక్షరాలు తను బట్టీ పట్టేశాడు, వాటితోనే గట్టెక్కేద్దామనుకున్నాడు. అందుకే ఆ ఫోన్లో నా కళ్ళ సంగతి అడిగాడు. తన ఈడువాణ్ణి కదా, నాకు కూడా మసకేస్తుందేమో, అలాగైతే ఇది వయసు వల్లే అయ్యుంటుందని ధైర్యం తెచ్చుకుందామని.

నా గ్లాసు పక్కన పెట్టేశాను.

"సూడు బావా," అన్నాను. "రేపు పొద్దున్న నా కూతురు నీ బస్సెక్కదు. మిగతావోళ్ళ కూతుళ్ళకి ఏటి సెప్తావో నువ్వే సెప్పు."

కోపం వచ్చింది అతనికి. "ఇన్నేళ్ళలో ఒక్క గీతైనా పడనిచ్చేనా బస్సుకి?" అని గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాడు. టీ ఒలికింది. బడ్డీవాడు మా ఇద్దరి వంకా చూసి గుడ్డ తీసుకొచ్చాడు. బల్ల తుడవడం అయ్యాక బావ ఫోన్ తీసి, కళ్ళకి దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, చివరికి నా చేతికిచ్చాడు.

"సూపర్‌వైజర్ నంబరు నువ్వే తియ్యి."

నంబరు నొక్కి ఇచ్చాను. నేను వింటున్నానని తెలిసి కూడా, మొదట "కడుపులో బాగోనేదు సార్," అన్నాడు. నావైపు చూశాడు. చూశాడో, చూసినట్టు తిరిగాడో. తర్వాత గొంతు తగ్గించి, "కడుపు కాదు సార్. కళ్ళు," అన్నాడు.

మర్నాడు కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళలో చుక్కలు వేసి చూసింది, వేలు పొడిచి రక్తం చూసింది. మొహం మార్చుకుని తీపి తింటున్నారా అని అడిగింది.

"పంచదార మొకం సూడనేదమ్మా," అన్నాడు బావ, తలెత్తి.

"మరి బెల్లం?"

ఈసారి జవాబు నేనే చెప్పాను, గర్వంగా. "రోజూ తింటన్నాడమ్మా. టీలో, ఉప్మా మీద, ఊరికే కూడా. మంచిది, మందు కలపని నల్లబెల్లం. మా కొట్లోదే, నానే ఏరి పంపుతాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆవిడది మా ఊరు కాదులెండి, అయినా చాలా ఓపిగ్గా చెప్పింది: రెండూ ఆ చెరకు నుంచే వస్తాయనీ, ఒంట్లోకి వెళ్ళాక ఏది ఎక్కడిదని రక్తం అడగదనీ. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అనకాపల్లిలో కూర్చుని బెల్లాన్ని పంచదారతో సమానం అన్నవాళ్ళు మాకు అంతకుముందు తగల్లేదు. మెట్లు దిగుతూ బావ నా చెవిలో అన్నాడు: "ఈవిడకి పంచదార ఫ్యాక్టరీ వోళ్ళు ఏటన్నా సెప్పేరేటి?"

"నాకూ అదే అనుమానం," అన్నాను. ఆ రాత్రి కొట్లో బెల్లం మాత్రం అతనికి పంపలేదు.

షుగర్ తగ్గుతున్న కొద్దీ మసక కాస్త విడుతోంది. ఎంత విడుతుందో, కంటి వెనక నరం సంగతేమిటో చూస్తూ ఉండాలంది డాక్టరమ్మ. కంపెనీ వాళ్ళు ఊరికే పంపెయ్యలేదు. షెడ్డులో బస్సులు లోపలికీ బయటికీ పంపే పని ఇచ్చారు. స్టీరింగ్ మాత్రం ఇవ్వలేదు, ఇస్తారో లేదో తెలియదు. మా అమ్మాయి కొత్త డ్రైవరు వెనక కూర్చుని దారంతా అతని కళ్ళనే అద్దంలో చూస్తోందట. నా కూతురే మరి.

మొన్నటి ఆదివారం మళ్ళీ ఆవకి వెళ్ళాం. ఈసారి బావ బండి మీద నా వెనక కూర్చోనని పేచీ పెట్టాడు, దాంతో నా మనసు కుదుటపడింది. దోనె అదే, ముసలాయన అతనే. తామరాకుల అవతల, నీళ్ళలో ఒంటికాలి మీద, తెల్లగా ఒకటి నిలబడి ఉంది.

"కొంగ బావా," అన్నాను.

అతను చాలాసేపు చూశాడు. కళ్ళు చికిలించలేదు.

"కవరు."

"ఒట్టు, కొంగే."

"నీ ఒట్టు నాకు తెల్దేటి? ముసలయ్యా, నువ్వు సెప్పు, అదేటి?"

ముసలాయన నోరు తెరిచేలోపు అది రెక్కలు విప్పి, కాళ్ళు వెనక్కి చాచి, మా నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. బావ తల దాని వెంటే తిరిగింది. ఒడ్డున చెట్లలో అది వాలేదాకా, ఎక్కడా దాన్ని వదలకుండా. నేను దాన్ని చూడలేదు, అతని తలనే చూస్తున్నాను.

"ఇప్పుడేటంటావు?" అన్నాను.

"గాలికి కవరూ ఎగురుతాది కదేటి," అన్నాడు బావ.