కొండ కింద తీసిన మూడు రాళ్ళు

రండమ్మా, చాప మీద చోటుంది. ఇటు జరిగి నా దగ్గరగా కూచోండి. గట్టిగా చెప్పుకునే మాట కాదిది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, మాటలో తప్పులుంటే మీరే సర్దుకోండి. చూసింది మాత్రం నేను మర్చిపోను. మర్చిపోతే బాగుణ్ణు అనుకున్నది కూడా మర్చిపోలేకపోయేను.

మా మావగారు శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన నాటి నుంచీ బిలాస్‌పూర్ రైల్వే కాలనీయే మా ఊరు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. కార్తీకం వచ్చిందంటే ఒక ఆదివారం మన తెలుగు కుటుంబాలన్నీ కలిసి వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం. పొద్దున్న లోకల్ ఎక్కి కర్గీ రోడ్‌లో దిగి, అక్కణ్ణించి ఆటోల్లో ఒక కొండ దగ్గరికి.

ఆ కొండ పెద్దదేం కాదు. పడుకున్న గేదె వీపులాగ ఉంటాది. పైనంతా సాల్ చెట్లు, కింద తునికి పొదలు, కొండ కాళ్ళ దగ్గర సన్నటి వాగు. వాగు ఒడ్డున రెండు ఉసిరిచెట్లు, మా భోజనాలు వాటి కిందే. వాగు అవతల వరిచేలు. మేం వెళ్ళే వేళకి సగం కోత అయిపోయి ఉండేది, సగం ఇంకా తలలు వంచుకుని నిలబడి ఉండేది. చేల మధ్య గట్టు పట్టుకుని నడిస్తే పెంకుటిళ్ళ ఊరు. ఊళ్ళో మొదటి ఇల్లు ఒక అక్కచెల్లెళ్ళలాంటి తోటికోడళ్ళది.

ఆ ఇంటి పెద్దకోడలు మాకు బిందెలతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నన్ను దీదీ అనేది. పోయేటప్పుడు ఆవిడకి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క ఇచ్చి, ఆకులో పులిహోర కట్టి ఇచ్చేదాన్ని. "ఇంత పులుపు ఎలగ తింటారు దీదీ మీరు?" అని మొహం చిట్లించుకుని, మొత్తం తినీసేది.

కొండెక్కే దారి మొదట్లో ఇప్పచెట్టు కింద ఒక రాళ్ళ కుప్ప ఉంది. కట్టెలకైనా, బీడీ ఆకుకైనా, ఇప్పపువ్వుకైనా, ఆ ఊరివాళ్ళు పైకి వెళ్ళే ముందు ఒక రాయి తెచ్చి అందులో పెడతారు. పైన అమ్మవారు ఉందట. నేను వస్తున్నాను, నన్ను కాస్త చూసుకో అని చెప్పడమన్నమాట. ఒక ఏడాది ఆవిడే నన్ను అక్కడికి తీసుకెళ్ళి చూపించింది. కుప్ప పక్కన కూచుని, అరచెయ్యంత మందాన ఉన్న ఒక నల్లటి చదునురాయి మీద చెయ్యి వేసింది.

"ఇది మా ఆయన పెట్టింది దీదీ. తేనెకని ఎక్కేడు. దిగలేదు. ఊరంతా నాలుగు రోజులు వెతికింది. గొడ్డలి దొరికింది, మనిషి దొరకలేదు."

"అయ్యో," అన్నాను.

"మా తోటికోడలు అంటాది, పోయేడు, ఇంక గాజులు తీసీ, చెయ్యాల్సినవి చేసీ అని. నేను చెయ్యను. రాయి ఇక్కడున్నన్నాళ్ళూ పైకి వెళ్ళినట్టే కదా? పోయినట్టు కాదు కదా?"

నేను తలూపేను. ఆ తల ఊపడం ఇప్పటికీ నాకు గుర్తే.

మరుసటి కార్తీకం. వనభోజనాలకి గుండిగలు, గరిటెలు, ఆఖరికి ఉప్పుతో సహా ఇంటి నుంచే మోసుకెళ్తాం గానీ పొయ్యి రాళ్ళు ఎవరూ మొయ్యరు. అక్కడే మూడు ఏరుకుని పొయ్యి పెట్టడం మన పద్ధతి. మాలో ఆ పని నాది. పెద్ద గుండిగ ఎత్తినా నేను పెట్టిన పొయ్యి కదిలేది కాదు. "అప్పా, నువ్వు లేకపోతే మేం పస్తే," అనీది పక్క క్వార్టరు వదిన, మా వైపు పెద్దదాన్ని అప్పా అనే పిలుస్తారు. ఆ మాట వినడం కోసమే తెల్లారి లేచేదాన్నేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ఆ ఏడు ముందురోజు అకాల వాన పడింది. వాగు నిండి, ఏటా ఏరుకునే రాళ్ళన్నీ బురదనీళ్ళలో మునిగిపోయేయి. ఒకటి రెండు లాగితే గుండ్రంగా, జారిపోతూ ఉన్నాయి. వెనక నుంచి వదిన నవ్వుతోంది.

"ఏటప్పా, ఈ ఏడు పొయ్యి మమ్మల్నే పెట్టమంటావేటి? లేకపోతే అటుకులు నానబెట్టుకుని తినీద్దాం!"

అందరూ నవ్వేరు. మా ఆయన కూడా నవ్వేరు. నాకు చెవులు వేడెక్కిపోయేయి. చరచరా ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళేను. పొడిగా, ఎత్తుగా, అమర్చినట్టు ఉన్నాయి రాళ్ళు. మూడు తీసేను. మేం వండేది కూడా దేవుడికేగా, నైవేద్యం పెట్టాకేగా తింటాం, తప్పేటి అనుకున్నాను.

మూడింటిలో ఒకటి ఆ చదునురాయి.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది, చూసుకోలేదు, తొందరలో చేతికొచ్చింది తీసేను అని. అబద్ధం. చెయ్యి పెట్టగానే తెలిసింది నాకు. అంత చదునైనది అందులో ఇంకోటి లేదు. సాయంత్రం మళ్ళీ పెట్టీవచ్చులే అనుకున్నాను. అంతే, అంత తేలిగ్గా అనుకున్నాను.

దప్పళం అయింది, పప్పు అయింది. అన్నం గుండిగ ఎక్కించి మంట ఎగదోసేక, టప్పుమని చప్పుడైంది. గుండిగ ఒక పక్కకి ఒరిగింది. నలుగురు పట్టుకుని దించేరు. "ఏటైంది?" అంటే "కట్టె పేలింది," అన్నాను. మంట తగ్గేక చూస్తే చదునురాయి నిలువునా రెండు చెక్కలైపోయింది.

భోజనాలు అయ్యేయి. వండినదంతా బాగుందన్నారు. నా నోటికి మాత్రం ఏ రుచీ తెలీలేదు. అందరూ ఉసిరిచెట్టు కింద పాటలు పాడుకుంటూంటే నేను పొయ్యి విప్పేను. మంచి రాళ్ళు రెండూ కుప్పలో పెట్టీసి వచ్చేను. ఒక చెక్క ఎంగిలి విస్తరాకుల్లో చుట్టి వాగులోకి విసిరేను. రెండోది చేతిలో ఉండగానే గట్టు మీద ఆవిడ కనిపించింది, నెత్తి మీద బిందెతో. గబుక్కుని ఆ చెక్కని గుండిగలు కట్టే గోనెసంచిలో తోసీసేను.

ఆవిడ నీళ్ళు దించి, అలవాటు ప్రకారం ఇప్పచెట్టు వైపు వెళ్ళింది. వెంటనే వెనక్కి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"దీదీ, మా ఆయన రాయి లేదు. ఎవరైనా తీసేరా?"

అప్పుడు చెప్పాల్సింది. నేనే తీసేనమ్మా, పగిలిపోయింది, కొట్టు, తిట్టు అనాల్సింది. చుట్టూ మనవాళ్ళంతా ఉన్నారు. ఇంత సేపూ మెచ్చుకున్న నోళ్ళు. నేను అన్నాను కదా:

"మేం వచ్చేసరికే లేదు కాబోలు. పొద్దున్న ఎవరో ఆడమనిషి మీ ఊరి వైపు నుంచి వచ్చి వెళ్తుంటే చూసినట్టుంది."

ఎందుకన్నాను ఆ రెండో మాట? ఎవరూ అడగలేదే! మొదటి అబద్ధం నిలబడాలని రెండోది ఆసరా పెట్టేను, పొయ్యికి రాయి పెట్టినట్టు.

ఆవిడ నన్ను ఇంకోమాట అడగలేదు. నన్ను నమ్మీసింది. "అచ్ఛా," అంది, అంతే. బిందె అక్కడే వదిలీసి గట్టు మీద పరిగెత్తింది. రాయి పట్టుకుని కూచోక గాజులు తీసీమని పోరే ఆడమనిషి ఆవిడ ఇంట్లోనే ఉందిగా మరి. కాసేపటికి చేల మీద నుంచి అరుపులు వినిపించేయి. ఒక గొంతు తిడుతోంది, ఇంకో గొంతు ఏడుస్తూ ఒట్లు వేస్తోంది. "ఏటో వాళ్ళ గొడవ," అంది వదిన. నేను "రైలు టైమైంది, నడవండి," అని అందరినీ లేపేను.

ఇంటికొచ్చి సంచి విప్పితే ఆ చెక్క దొర్లి పడింది. పారెయ్యడానికి చేతులు రాలేదు. చెప్పడానికి నోరు రాలేదు. తులసికుండీ వెనక్కి తోసీసేను.

తరవాతి ఏడు నడుం నొప్పి అన్నాను. ఆ పై ఏడు జ్వరం అన్నాను. కొన్నాళ్ళకి మనవాళ్ళు కూడా అంత దూరం ఎందుకని బిలాస్‌పూర్ పక్కనే ఉన్న కోని దగ్గర ఒక తోటలో, వంటవాళ్ళని పెట్టుకుని కానిచ్చీడం మొదలెట్టేరు. మా ఆయన రిటైరయ్యేరు, ఊళ్ళోనే లింగియాడీహ్‌లో ఇల్లు కట్టుకున్నాం. కుండీతో పాటు ఆ రాయి చెక్క కూడా వచ్చింది. రోజూ పొద్దున్న తులసికి నీళ్ళు పోస్తే దాని మీద నుంచే కారుతాయి. అలాగ పన్నెండేళ్ళు.

నిరుడు మా మనవరాలు అక్కడ ముగ్గు వేస్తూ, "అమ్మమ్మా, యే క్యా హై? విరిగిన రాయి ఎందుకు దాచేవు?" అంది. కోనిలో చదువుకుంటోంది అది, మాట సగం హిందీలోనే వస్తాది. ఏమైందో తెలీదు, కూలబడి మొత్తం చెప్పీసేను. అది పెద్దగా నవ్వుతాదనుకున్నాను, ఇంత చిన్న విషయానికా అని. నవ్వలేదు.

"అంటే ఆ రెండో ఆవిడ? ఆమె గురించి ఎప్పుడైనా కనుక్కున్నావా?"

లేదు. నా బాధంతా రాయి గురించి, పెద్దకోడలి గురించి. నేను ఎవరి మీదకి తోసేనో ఆ మనిషి మొహం కూడా నాకు సరిగ్గా తెలీదు. ఆ పిల్ల ముందు తలెత్తలేకపోయేను.

ఆ ఆదివారమే ఇద్దరం లోకల్ ఎక్కేం. కొండ అలాగే ఉంది. వాగు మీద చిన్న వంతెన కట్టేరు, ఉసిరిచెట్టు ఒకటే మిగిలింది. ఊళ్ళో ఆ మొదటి ఇంటికి ఇప్పుడు రెండు గుమ్మాలు. వాకిలి మధ్య నుంచి మనిషెత్తు మట్టిగోడ. గోడకి ఒక పక్క గడ్డి మొలిచి, తలుపుకి తాళం ఉంది. ఇంకో పక్క తల నెరిసిన ఒకావిడ కళ్ళం అలుకుతోంది.

"పెద్దకోడలు లేదా అమ్మా?" అని హిందీలో అడిగేను.

"పోయి రెండేళ్ళైంది," అంది, తలెత్తకుండా. "నువ్వెవరు?"

నించునే చెప్పేను. రాయి తీసిందీ, పగిలిందీ, ఆడమనిషిని చూసేనన్నదీ, ఆ ఆడమనిషి లేనే లేదన్నదీ. సంచిలోంచి చెక్క తీసి చూపించేను. ఆవిడ పేడచేతులు అలాగే గాల్లో ఆగిపోయేయి.

"ఆ గోడ ఆ వారమే లేచింది," అంది. "దేవి మీద ఒట్టేసేను, పిల్లల మీద ఒట్టేసేను. పట్నం దీదీకి అబద్ధమాడే పనేటి అంది మా తోటికోడలు. మంచం పట్టినప్పుడు నీళ్ళు పట్టుకెళ్తే మొహం అటు తిప్పీసింది. నా చేతి నీళ్ళు తాగకుండానే పోయింది."

నేను ఆవిడ కాళ్ళ వైపు వంగబోయేను. వెనక్కి జరిగింది.

"నువ్వు ఆవేళ చెప్పుంటే నీ మీద ఒక్క పూట అరిచేది. తరవాత నీ పులిహోర తినీది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ నేను దొంగనయ్యేను."

"ఈ రాయి..." అన్నాను.

"నాకెందుకు? తీసిన చోట పెట్టు. పెట్టినదానివి ఊరికే పోకు. రాయి పెట్టినవాళ్ళు పైకెక్కాలి. ఇక్కడి పద్ధతి అది."

చేలల్లో కోతకి వంగిన ఆడవాళ్ళు నలుగురైదుగురు చూస్తున్నారు. ఆవిడ వాళ్ళని కేకేసి, "ఇదిగో, మళ్ళీ చెప్పు," అంది నాతో. అందరి ముందూ మళ్ళీ చెప్పేను. ఒకామె ఛీ అంది. నాకది న్యాయంగానే అనిపించింది.

సగం చెక్క కుప్పలో పెట్టి, మనవరాలి భుజం పట్టుకుని కొండెక్కేను. నా మోకాళ్ళతో సగం దాకానే వెళ్ళగలిగేను. అక్కణ్ణించి చూస్తే చేలన్నీ చాపలు పరిచినట్టున్నాయి, రైలు పట్టాలు ఎండకి మెరుస్తున్నాయి. అంత మంచి కొండ, అంత మంచి ఊరు. మధ్యలో ఆ ఒక్క ఇంట్లో గోడ. ఎంత తప్పించి చూద్దామన్నా కళ్ళు దాని మీదకే వెళ్ళేయి. దాన్ని కట్టింది వాళ్ళు కాదు.

దిగి వచ్చేసరికి ఆవిడ కళ్ళం అలకడం పూర్తి చేసి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసుంది. గోడ వారన మాత్రం లోటాతో నీళ్ళు పెట్టి ఉన్నాయి. మాకోసమో, ఎవరికోసమో తెలీదు. నేను ముట్టుకోలేదు. ఆ చేతి నీళ్ళు నా మాట వల్లే ఒకావిడ తాగకుండా పోయింది, నేనెలగ తాగుతాను?

ఇదమ్మా సంగతి. విన్నారు కదా. మీ ఇంట పొయ్యి ఎప్పుడూ చల్లారకూడదు. మీ తోటికోడళ్ళ మధ్య గోడ లేవకూడదు. మీ ఇంటివాళ్ళ చేతి నీళ్ళు మీకూ, మీ చేతి నీళ్ళు వాళ్ళకీ ఆఖరి దాకా తియ్యగా ఉండాలి. ఒకరు చేసిన తప్పు మీ ఇంట్లో ఇంకొకరి మీద పడకుండా, మీ నోట వేళకి నిజం వచ్చేలాగ ఆ కొండమీది తల్లి చూడాలి. చల్లగా ఉండండి.