ఆ జవాబు ఆమె ముందే చెప్పింది

అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో నేను వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. ఒక విద్యార్థిని తన మొండితనం వల్లే ఉద్యోగం పోగొట్టుకుందని ఆ తర్వాత చాలామందికి చెప్పాను. అది అబద్ధం. ఇన్నేళ్లు దాన్ని చెప్పుకు తిరిగినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు సంగతి. ఆమె పాలమూరు వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో హాస్టల్లో ఉండేది. వ్యవసాయ శాఖలో ఉద్యోగం కోసం చదువుతోంది. ఒకరోజు నేను మైకులో నోట్సు చదువుతున్నాను. వరి నారులో కొన్ని మొక్కలు పక్కవాటికంటే జానెడు ఎక్కువ పెరిగి, పాలిపోయి చచ్చిపోతాయి. శిలీంధ్రం సోకినప్పుడు మొక్క తన జిబ్బరెల్లిన్ హార్మోన్‌ను అతిగా తయారుచేసుకోవడమే కారణం అని.

ఆమె లేచి నిలబడింది. "మొక్క కాదు సార్. ఆ హార్మోన్ ఫంగసే తయారు జేస్తది. మా డిగ్రీ బుక్కుల ఉంది."

"మొక్క హార్మోను ఫంగస్ చేస్తదా? టానిక్ షాపు ఏమన్నా పెట్టిందా తల్లీ?"

హాలంతా ఒకటే నవ్వు.

ఊరికి పోయి వచ్చిన రోజు ఆమె తడి న్యూస్‌పేపర్‌లో చుట్టిన నారు తెచ్చింది. "మా అమ్మ పీకిచ్చింది సార్. జర మొదలు కాడ చూడుండ్రి, బూజు కనబడ్తది."

నేను ముట్టుకోలేదు. "పొలం వేరు, పరీక్ష వేరు. నోట్సు చదువు. లేకుంటే ఊరికి పోయి కలుపు తీసుకో."

మళ్లీ నవ్వారు. ఆమె నారును తిరిగి చుట్టుకుని కూర్చుంది.

అసలు నేరం ఇంకా చెప్పలేదు. ఆ వారమే లైబ్రరీకి వెళ్లి చూశాను. ఆ శిలీంధ్రాన్ని మొక్క లేకుండా, గాజు పాత్రలో విడిగా పెంచినా జిబ్బరెల్లిన్ తయారవుతుంది. అది పెరిగిన ద్రవాన్ని పోస్తే ఏ తెగులూ లేని వరి కూడా అలాగే పొడవు సాగుతుంది. ఆమె చెప్పిందే నిజం. నేను నోరు మూసుకున్నాను. నోట్సు జిరాక్స్ అయిపోయింది, నా పరువు దాంట్లో ఉంది. పైగా మా నోట్సే పేపర్‌కు కీ అని రోజూ మైకులో డబ్బా కొట్టిన వాణ్ణి నేనే.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది; అసలు కీలో జవాబు శిలీంధ్రమే. ఫలితాలు వచ్చాక ఆమె సెంటర్‌కు వచ్చింది. ఒక్క మార్కుతో పోయింది; ఆ ప్రశ్నకు మొక్క అని పెట్టిందట.

"తెలిసి తెలిసి తప్పెందుకు పెట్టినవ్?" అన్నాను. సిగ్గులేని ప్రశ్న.

"కీ మీ నోట్సు ప్రకారమే ఉంటదన్నరు గద సార్. మీరు చెప్పిందే పెట్టిన."

నేను బల్ల మీది నోట్సు సర్దడం మొదలుపెట్టాను.

"పోయిన ఉద్యోగం ఎట్లైనా రాదు. నేను మొండిదాన్ని కాదని మాత్రం క్లాసుల చెప్పుండ్రి సార్. హాస్టల్ల ఇంకా మొండిది అనుకుంట నవ్వుతున్నరు."

సరేనన్నాను. చెప్పలేదు. కొత్త బ్యాచ్‌కు నోట్సులో ఆ వాక్యం చడీచప్పుడు లేకుండా మార్చాను. నారాయణగూడలో చాయ్ దగ్గర తోటి మాస్టర్లు ఆమెకు ఉద్యోగం ఎందుకు రాలేదని అడిగితే, "మాట వినే రకం కాదు" అన్నాను.

ఆ బ్యాచ్‌లో నవ్వినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వినండి. హార్మోన్‌ను తయారుచేసేది శిలీంధ్రమే. ఆమె మొండిది కాదు. నా మాట విన్నందుకే ఆమె ఉద్యోగం పోయింది.