ఒకవైపు తెల్లబడ్డ చింతగింజలు

నిన్న కొత్త చింతపండులోంచి గింజలు తీస్తుంటే, వేళ్లకంటిన ఆ పుల్లని వాసనతో పాటు సుల్తానాబాద్ అవతలి మా ఊరి పంచాయతీ అరుగు, దాని మీద పక్కపక్కన పెట్టిన రెండు మట్టి గురుగులు కళ్లముందుకు వచ్చాయి. నీటి నమూనాలు పరీక్షించే వృత్తి నాది. రెండుసార్లు తేలనిదేదీ నమ్మను, జ్ఞాపకాన్నైతే అసలే నమ్మను. అందుకే అవ్వకు, మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం, ఫోన్ చేసి అడిగాను. గురుగులు రెండేనని ఆమె కూడా చెప్పింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఉగాది బచ్చాల నేతివాసన ఇంకా ఇళ్లను వదలని రోజులవి. వాకిళ్లలో చాపల మీద చింతపండు ఎండుతుండేది. ఆడవాళ్లు దాన్ని కొట్టి గింజలు తీస్తుంటే, పిల్లలం కొన్నిటిని వేయించుకుని బుగ్గన పెట్టుకుని, మరికొన్నిటిని బండ మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి పచ్చీసు ఆటకు పాచికలుగా దాచుకునేవాళ్లం. మాకంటే ఎక్కువగా ఆ ఆటలో మునిగేది పంచాయతీ అరుగు మీది ముసలివాళ్లు. వాళ్లకు పెద్ద, ఒకప్పుడు ఊరికి ఉత్తరాలు పంచిన మల్లయ్య తాత.

మా ఊళ్లో ఒక వాడుక ఉండేది. పంచాయతీకి వచ్చిన నిధులతో ఏ పని చేయాలో గ్రామసభలో తేలకపోతే, పనికొక గురుగు పెట్టి, పెద్దవాళ్లందరికీ తలా ఒక చింతగింజ ఇచ్చేవారు; ఏ పని కావాలో ఆ గురుగులో గింజ వేయాలి. ఆ ఏడు పోటీపడినవి రెండు పనులు: ఊరి ముందు స్వాగత కమాను, కింది వాడకు బోరింగు. బోరింగు లేక అవ్వ రోజూ మామిడితోట అవతలి బావి నుంచి మూడు విడతలు నీళ్లు మోసి, సాయంత్రానికి మెడ తిప్పలేకపోయేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు, పిల్లలకు గింజ ఇవ్వరు. నా గౌను జేబులో మాత్రం ఆటగింజలు నాలుగున్నాయి. సందడిలో నాలుగూ బోరింగు గురుగులో వేశాను. చెల్లెలు ఆరంటుంది, అది ఆధారం లేని మాట.

బోరింగు గెలిచిందని వాడంతా కేకలు వేస్తుండగానే, లెక్కపెడుతున్న మల్లయ్య తాత ఒక గింజను కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"గీ గింజేంది, ఒకదిక్కు తెల్లగున్నది? ఎవలో దొంగగింజలు ఏసిన్రు! గీ లెక్క చెల్లది!"

ఖాళీ జేబును గుప్పిట పట్టుకుని నేను ముందుకు వచ్చాను.

"నేనే ఏసిన తాతా. అవ్వ మెడ నొస్తుందని."

అవ్వ నా నెత్తిన ఒకటి మొట్టింది. తర్వాత ఏమనుకుందో, కమాను గురుగును కూడా అరుగు మీద బోర్లించి, గింజ గింజనూ తిప్పి చూసింది. తెల్లమొహాలు ఏడు తేలాయి.

"నాదంటే పోరి, తెల్వక ఏసింది. మరి గివి ఎవలయి మామా? పొద్దంత అరుగు మీద పచ్చీసాడేది మీరేనాయె!"

అరుగు నవ్వులతో అదిరింది. తాత కళ్లద్దాలు తుడుచుకుంటూ, "కమాను మీద నా పేరు గుడ రాయిస్తమన్నరు బిడ్డా, జర ఆశపడ్డ," అని ఒప్పుకున్నాడు.

"గింజలు పారవోయున్రి. మనుషులమే నిలవడుదం," అన్నది అవ్వ.

సభ రెండు వరుసలైంది. ఖాళీ బిందెలు చంకనెత్తుకుని కింది వాడ ఆడవాళ్లంతా అవ్వ వెనుక నిలబడ్డారు. మొగుళ్లు అటు వరుస వైపు, ఇటు పెళ్లాల మొహాల వైపు చూసి, ఒక్కొక్కరే ఇటు జరిగారు. చివరకు మల్లయ్య తాత కూడా కర్ర ఊతంగా వచ్చి చేరాడు.

"అటు నిలవడితె మా ముసల్ది ఇంట్లకు రానియ్యది!"

బోరింగు వేసిన రోజు మొదటి నీళ్లు ఎర్రగా, ఇనుము రుచితో వచ్చాయి. పిల్లలమంతా అందులోనే తడిసి గంతులేశాం. అంత తియ్యటి నీళ్లు మళ్లీ తాగలేదని అవ్వ ఇప్పటికీ అంటుంది. ఆ ఒక్క మాటను నేను పరీక్షకు పెట్టలేదు.

ఇంటింటికీ నల్లాలు వచ్చాక బోరింగు పిడి తుప్పుపట్టింది. ఈ మధ్య జరిగిన గ్రామసభలో, ముందే రాసి తెచ్చిన కాగితం మీద సంతకాలు చేసి, ఫొటో దిగి అందరూ లేవబోతుంటే, "ఏం పనో చదివి ఇనిపియ్యున్రి," అని అవ్వ ఒక్కతే కూర్చుండిపోయిందట. చదివేదాకా లేవలేదట.

ఫోన్ పెట్టేశాక, నిన్న తీసిన గింజల్ని పారేసే ముందు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. అన్నీ రెండువైపులా నలుపే.