ఆకూవక్కా నమిలేంతసేపు

రెండు వేల ఒకటో సంవత్సరంలో మా కంపెనీ నన్ను మదనపల్లె సర్వీసు సెంటరుకు సీనియర్ కస్టమర్ ఇంజినీరుగా వేసింది. హోదా పేరు పొడుగే గాని, పని మాత్రం పాత కంప్యూటర్లు ఎక్కడ మొరాయిస్తే అక్కడికి సంచి భుజాన వేసుకుని బస్సెక్కడం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నా పరిధి. యంత్రం బాగుచేశాక కాల్ రిపోర్టు మీద కస్టమరు సంతకం పెడితేనే ఆ కాల్ ముగిసినట్టు. సంతకం లేని కాల్ ఒక్కటి మిగిలినా మా బ్రాంచి మేనేజరుకు అన్నం సయించేది కాదు.

పుంగనూరు బస్టాండు దగ్గర నాగప్ప సిద్ధాంతి అని కంప్యూటర్ జాతకాలు వేసే ఆయన ఉండేవాడు. ఆయన యంత్రం తొంభైల మొదట్లో కొన్న 286 రకం కంప్యూటరు. దాని మీద నడిచే జాతకం ప్రోగ్రాము అంతకంటే పాతది, కొత్త కంప్యూటర్లలో తెరుచుకోదు. ఒకరోజు పవర్ సప్లై సందులోంచి బల్లి దూరి, మదర్‌బోర్డు మీద పడి, తాను పోతూ బోర్డునూ గ్రాఫిక్స్ కార్డునూ వెంట తీసుకుపోయింది. బల్లి నెత్తిన పడితే ఏమవుతుందో, భుజాన పడితే ఏమవుతుందో ఊరందరికీ చెప్పే మనిషి ఆయన. మదర్‌బోర్డు మీద పడితే ఏం ఫలం స్వామీ అని అడిగాను.

“నీకు పని, నాకు పస్తు,” అన్నాడు తడుముకోకుండా.

పాత ప్రోగ్రాము నడవాలంటే పాత యంత్రాన్నే మళ్లీ కట్టాలి. మా స్టోరులో పడివున్నవాటిలో, అదే కోవదీ దానికంటే వేగమైనదీ, 486 బోర్డు ఒకటి తీసుకున్నాను. ఇక కావలసింది గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మ వేసే పలక. బోర్డులో అది కూర్చునే స్లాటును బట్టి దాని వేగం ఉంటుంది. స్టోరులో రెండు దొరికాయి. ఒకటి పొడుగాటి లోకల్ బస్ స్లాటుది, రెండోది మామూలు పదహారు బిట్లది. సహజంగానే వేగమైనదాన్ని బిగించాను. పుట్టిన వివరాలు కొట్టి ఎంటర్ నొక్కగానే పన్నెండు గళ్ల రాశిచక్రం గ్రహాలతో సహా ప్రత్యక్షమైంది. నాకు భలే గర్వంగా అనిపించింది.

అంతలో రామసముద్రం నుంచి రెడ్డెప్ప అనే రైతు, కొడుకు సంబంధం సంగతి చూపించుకోవడానికి భార్యతో కలిసి వచ్చాడు. వివరాలు కొట్టిన మరుక్షణం చక్రం తయారు. రెడ్డెప్ప తెరనూ సిద్ధాంతినీ మార్చి మార్చి చూశాడు.

“ఏం సామీ, ముందే రాసిపెట్టుకోనుండావా? వచ్చినోళ్లందరికీ ఇదే ఇస్తాండావా?” అని భార్యను వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. నేరుగా పోయి, ఎదుటి అరుగు మీద చిలక జోస్యం చెప్పే ఆయన ముందు కూర్చున్నాడు.

నాగప్ప ముఖం మాడిపోయింది. “సూడప్పా, ఆ సిలక కూడా చీటీ తీసే ముందు అటూ ఇటూ సూస్తాది. నీ కార్డు అదీ సూడలేదు!”

సంతకం పెట్టనన్నాడు. పాత యంత్రం ఒక్కో గడినీ చుక్కచుక్కగా, పసుపు పూసినట్టు నింపి, ఆ తర్వాతే అందులో గ్రహాన్ని కూర్చోబెట్టేదట. “నేను ఆకూవక్కా నమిలేంతసేపు పట్టల్ల. అట్ట చేసిస్తేనే నా అంగడి నిలబడేది. ల్యాకుంటే తాళమేసుకోవాల్సిందే,” అన్నాడు. ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన గొంతులో వేళాకోళం లేదు. నాకు జాలేసింది.

మా సాంకేతిక పత్రాల్లో ఆకూవక్కా కొలత లేదు. రెండో కార్డు బిగించాను. ఆయన ఆకుకు సున్నం రాసేలోపే చక్రం పూర్తయింది. యంత్రం మొత్తాన్నీ నెమ్మదిగా నడిపించే టర్బో మీట ఒకటుంటుంది, అదీ వాడి చూశాను. ఆకు నోటిదాకా వచ్చింది గాని నమలడం మొదలుకాలేదు. ఈలోగా వచ్చినవాళ్లు వచ్చినట్టే చిలక దగ్గరికి పోతున్నారు. మేనేజరుకు ఫోన్ చేసి, యంత్రం మరీ త్వరగా పనిచేస్తోందని కస్టమరు ఫిర్యాదు అని విన్నవించాను. ఎండలో తిరక్కుండా వచ్చి పడుకోమన్నాడు.

కుప్పంలో కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఒకటి మూసేస్తున్నారని గుర్తొచ్చి మర్నాడు అక్కడికి పోయాను. దాన్ని నడిపిన శాంతమ్మగారు సామాను సర్దుతున్నారు. ఉన్నవాటిలో అన్నిటికంటే నిదానమైన కార్డు కావాలన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “మంచిది కావల్లంటే యాడన్నా దొరుకుతాది సార్. ఇట్టాంటిది యాల మీకు?” అన్నారు. సంగతి చెప్తే నవ్వాపుకోలేక, అట్టపెట్టె అడుగు నుంచి ఎనిమిది బిట్ల కార్డు తీసిచ్చారు.

“దీనికి బొమ్మ గీయమని చెప్పి, మా పిల్లోళ్లు టీ తాగి వచ్చేవోళ్లు సార్.”

పుంగనూరులో దాన్ని బిగించాక ఒక మెలిక మిగిలింది. ప్రోగ్రాము ప్రతి చుక్కకూ కార్డు మీది చిప్పును అడుగుతుంది. కానీ 486 బోర్డు, స్విచ్ వేయగానే ఆ చిప్పులోని సూచనలన్నీ తన చురుకైన మెమరీలోకి ఎత్తుకుంటుంది. దీన్ని షాడో అంటారు. సెటప్‌లోకి పోయి దాన్ని ఆపేశాను. ఇక ప్రతి చుక్కకూ యంత్రం ఆ ముసలి చిప్పు గడప తొక్కి రావలసిందే. బుద్ధున్న ఇంజినీరు ఎవడూ చేయడు ఆ పని.

నాగప్ప ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. మేషం పసుపెక్కింది. వృషభం పసుపెక్కింది. మీనం నిండేసరికి ఆయన లేచి, వీధి కాలవలో ఊసి వచ్చి, సంతకం పెట్టాడు.

తర్వాతి తనిఖీకి వెళ్లేసరికి రెడ్డెప్ప దంపతులు అక్కడే కూర్చుని ఉన్నారు. చిలక రెండుసార్లకు రెండు రకాల చీటీలు తీసిందట. చక్రం తాపీగా నిండుతోంది. నాలుగో గడి దగ్గర భార్య ఉండబట్టలేక గొణిగింది.

“పిల్లోడు ఈ సంబంధం వద్దంటాండాడు గదా.”

“నోరు మూసుకో, సామి సూస్తాండాడు,” అన్నాడు రెడ్డెప్ప.

సామి తెర వైపు తిరిగి ఆకు నములుతున్నాడు. మీనం నిండాక గంభీరంగా, “జాతకాలు కలిసినాయి గాని, పిల్లోడి మనసు ఈ పక్క లేదు. వాణ్ని అడిగి చెయ్యండప్పా,” అన్నాడు. రెడ్డెప్ప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

వాళ్లు వెళ్లాక నాగప్ప నా జాతకమూ వేస్తానన్నాడు. కార్డు తెచ్చినవాణ్ని, షాడో ఆపినవాణ్ని, నాకేం భయమని కూర్చున్నాను. గళ్లు నిండుతున్నాయి. ఊరికే చూస్తూ కూర్చోవడం కష్టం. తిరుపతికి బదిలీ అడిగాననీ, మా ఆవిడ ఉద్యోగం అక్కడేననీ, మేనేజరు కాగితం తొక్కిపట్టాడనీ ఏదో మాటల్లో చెప్పాను. చక్రం పూర్తయ్యాక ఆయన, నీకు తిరుపతి యోగం ఉంది, పైవాడు అడ్డున్నాడు అన్నాడు. నేనూ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. బస్సు సగం దారి పోయాక గాని, ఆ రెండూ నేనే చెప్పానని తట్టలేదు.

ఆ ఏడు చివర బదిలీ వచ్చింది, తిరుపతికి మరింత దూరంగా, కుప్పానికి. నాగప్పను నిలదీశాను. “నువ్వు తిరుపతి అన్నావు, నేనూ తిరుపతి అన్నా. నాదేం తప్పుండాదప్పా?” అన్నాడు.

అప్పటినుంచి ఏ కస్టమరుకైనా కార్డు ఎంచే ముందు ఒక పని తప్పనిసరిగా చేసేవాణ్ని. యంత్రం పనిచేస్తున్నంతసేపూ దాని ముందు కూర్చున్నవాళ్లు ఏం చేస్తున్నారో ఓపిగ్గా చూసేవాణ్ని. నోరు మాత్రం విప్పేవాణ్ని కాదు.