హిమెగావా కథలో మిగిలిన సగం

మాస్టర్స్ చదువుకని వాంకూవర్ వచ్చిన నేను ముందుగా చేరింది ఒక జపనీస్ రెస్టారెంట్‌లో. ఓనరు కొరియా ఆయన, వంటాయన పంజాబీ, వడ్డించే నేను గుంటూరు అమ్మాయిని. మొత్తం హోటల్లో జపాన్ నుంచి వచ్చింది సోయా సాస్ ఒక్కటే, దాని మీదా నాకు అనుమానమే. ఆ రోజుల్లో మనవాళ్ళు తండోపతండాలుగా దిగుతున్నారు. పార్ట్‌టైమ్ దొరకడమే గొప్ప కాబట్టి పచ్చి చేపను చూసి ముక్కు మూసుకునే యోగం నాకు లేదు.

గోడ నిండా హిమెగావా నది బొమ్మ ఉండేది. నగానో కొండల్లో పుట్టి, ఉత్తరంగా ఉరుకులు పరుగుల మీద పోయి జపాన్ సముద్రంలో కలిసే చిన్న నది. జేడ్ అనే పచ్చరాయి అక్కడ దొరుకుతుంది. హిమె అంటే రాజకుమారి. ఆర్డరు ఆలస్యమైనప్పుడల్లా ఆ పేరు వెనక కథ చెప్పి కస్టమర్లను కదలకుండా కూర్చోబెట్టడం నా డ్యూటీ. దూరాన ఉన్న ఇజుమో నుంచి ఒక దేవుడొచ్చి, రాజకుమారి తలుపు ముందు పాటలు పాడి, ఒప్పించి పెళ్ళాడాడు. అక్కడితో ఆపేసేదాన్ని. మన హరికథలు కళ్యాణం కాగానే మంగళం పాడతాయి కదా, ఇదీ అంతే అనుకున్నాను. టిప్పులు బాగానే వచ్చేవి.

అప్పుడే నాకూ టొరంటో నుంచి ఒక దేవుడు ఊడిపడ్డాడు. ఐటీ ఉద్యోగం, కెనడాలోనే స్థిరపడిపోయే పీఆర్ ఉన్నాయి. పాటలేమీ పాడలేదు, వాళ్ళమ్మగారు మా అమ్మకు బయోడేటా పంపారు. ఆదివారంలోగా ఔనో కాదో చెప్పాలి. వీసా దిగులు వదులుతుందని ఔననడానికే సిద్ధపడ్డాను.

శనివారం మధ్యాహ్నం ఒక జపనీస్ పెద్దావిడ వచ్చింది. ఆ నది ఒడ్డునే పుట్టిన మనిషని తెలియక నా హరికథ మొదలెట్టాను. ఆవిడ టీ తాగుతూ కళ్యాణం దాకా ఓపిగ్గా విని, మిగతాది తను చెప్పింది. రాజకుమారికి అక్కడ పొసగలేదట. పారిపోయి పుట్టిన ఊరికి తిరిగొచ్చేసింది. వెతుక్కుంటూ వచ్చిన మొగుడి మనుషులు ఆమె దాక్కున్న రెల్లు పొదలకు నిప్పు పెట్టారు. ఆమె మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

"మా ఊళ్ళో పెళ్ళి దగ్గర ఆపం. ఆ పిల్ల తిరిగొచ్చిన సంగతే చెప్పుకుంటాం," అంది, ఇంకొంచెం టీ పోయమని కప్పు జరుపుతూ.

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, అక్కడ పొసగకపోతే నేను ఇంటికొచ్చేయొచ్చా?"

"శుభమా అని పెళ్ళి మాటలాడుతుంటే అవేం మాటలే?"

మళ్ళీ అడిగాను. నాన్న ఫోను తీసుకుని, వాళ్ళు చాలా మంచివాళ్ళనీ, ఆడపిల్ల కాస్త సర్దుకుపోవాలనీ చెప్పుకొచ్చారు. నాకు ఏడుపొచ్చింది. రావొచ్చు అన్న ఒక్క మాట కోసం ఇంకాసేపు చూశాను. ఇద్దరిలో ఎవరూ అనలేదు. సంబంధం వద్దని చెప్పేశాను.